రెండో కణుపు దాకా

ఈ వానాకాలం మొదట్లో నలుగురు కుర్రాళ్లు నా దుకాణం మెట్లెక్కారు. ముందున్నవాడి చేతిలో చందా పుస్తకం, బయట ఆటోలో చుట్ట చుట్టిన ఫ్లెక్సీ.

"కాకా, సర్కారు బడిల మొక్కలు నాటుతున్నం. మీ పేరు గూడ ఫ్లెక్సీ మీద రాపిస్తం," అన్నాడు.

చందా అడిగినవాడిని నవ్వుతూ ఉత్త చేతులతో పంపించడం మా ఇంట్లో అక్షరాల కన్నా ముందు నేర్పుతారు. ఆ విద్యలో నాకు మంచి పేరే ఉంది. కానీ ఆరోజు నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాటుతరు, మంచిదే. ఎల్లుండి నీళ్లెవరు పోస్తరు?"

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "వానలు పడ్తయ్ గద కాకా," అన్నాడు ఒకడు. "మేమే పోస్తం," అన్నాడు ఇంకొకడు, ఫోన్ చూసుకుంటూ. నేను వాడి కుడిచేతి చూపుడువేలి గోరు చూశాను. శుభ్రంగా ఉంది.

వాళ్లు వెళ్లిపోయాక నాకు వాళ్ల మీద కన్నా నా మీదే అనుమానం వచ్చింది. ఆ ప్రశ్న నా సరుకు కాదు. గోరు చూడటం కూడా నాది కాదు. రెండూ ఒక మేడంవి. ఆమె సర్కారు హైస్కూల్లో సైన్సు చెప్పేది, నాదర్‌గుల్ నుంచి బస్సులో వచ్చిపోయేది. బదిలీ అయి వెళ్లి ఏళ్లవుతోంది. ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎక్కడో కూర్చుని చదివి, "ఈ సేటు ఇప్పుడు నన్నెందుకు యాది చేసుకుంటున్నడు? ఏం అమ్మనీకి?" అని అడిగే మనిషి ఆమె.

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మాది స్టీలు, ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. మా తాత గింజలమ్మాడు, మా నాయన గిన్నెలమ్మాడు, నేను గిన్నెలతో పాటు బకెట్లూ మగ్గులూ అమ్ముతున్నాను. బేరం మాకు రక్తంలో ఉంది. దవాఖానలో డాక్టరు మూడు సూదులు రాస్తే "రెండు చాలవా సార్" అని అడిగానని నా భార్య ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతుంది. అడిగిన మాట నిజమే. నొప్పి నాకు కాదు, మా అత్తగారికి.

మా నాయన గిరాకీని మెట్ల దగ్గరే అంచనా కట్టేవాడు. మంచి సరుకు కోసం వచ్చినవాడితో భయం లేదు, చెడ్డ సరుకు అడిగినవాడిని మాత్రం కనిపెట్టి ఉండమనేవాడు. అలాంటివాడు నలభై ఏళ్లు గల్లాలో కూర్చున్నా ఆయనకు ఎదురు కాలేదు. నాకు ఎదురైంది ఈ మేడం.

పొట్టిగా ఉండేది. భుజానికి గుడ్డ సంచి, అందులో తన పళ్లెం, గ్లాసు. వస్తువులను చూడటానికి కళ్లద్దాలు పెట్టుకునేది, మనిషిని చూడాల్సి వస్తే వాటిని నుదుటి మీదికి ఎత్తేసేది. వచ్చిన మొదటిరోజు వరసగా పేర్చిన బకెట్లలో ఒకదాన్ని ఎత్తి, వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది, వాసన చూసింది, బోర్లించి అడుగు చూసింది. తర్వాత అద్దాలు పైకెత్తి నన్ను చూసింది.

"సేటూ, పగిలినయి ఉన్నయా?"

"పగిలినయా? మా దుకాణంల పగిలిన సరుకు ఉండదు మేడం."

"లారీల దిగేటప్పుడు పగుల్తయ్ గద. యెనక రూముల దాస్తరు. అయ్యే అడుగుతున్న."

వెనక గది సంగతి ఈమెకెలా తెలుసు? మున్సిపాలిటీ మనిషా? పన్నుల మనిషా? నేను జాగ్రత్తగా బేరానికి దిగాను.

"ఉంటే ఉండొచ్చు. వాటికి గూడ ఓ రేటు ఉంటది మేడం."

"పగిలినదానికి రేటా?"

"అడగనంతసేపు లేదు. మీరు అడిగిన్రు గద, ఇప్పుడున్నది."

ఆమె నవ్వలేదు. సంచి సర్దుకుని మెట్లు దిగబోయింది. పోతున్న గిరాకీ వీపు చూస్తే నా మనసు నిలవదు. "సరే మేడం, ఉత్తగనే తీస్కపోండ్రి. బడి పిల్లలకే గద," అన్నాను.

అక్కడే తప్పులో కాలేశాను. ఆమె వెనక్కి తిరిగింది. అద్దాలు మళ్లీ నుదుటి మీదికి వెళ్లాయి.

"ఉత్తగెందుకిస్తున్నరు?"

"పుణ్యం మేడం."

"పుణ్యం సంగతి పక్కకు పెట్టుండ్రి. బకెట్ల మీద మీ దుకాణం పేరు రాపిస్తరా?"

నిజానికి నేను అప్పటికే పెయింటరు ఎవరా అని ఆలోచిస్తున్నాను. నా మొహంలో అది కనిపించినట్టుంది. చివరికి కుదిరిన బేరం ఇది: బకెట్లు ఆమె తీసుకుంటుంది, బదులుగా మా సామాన్లతో వచ్చే ఎండుగడ్డి, అట్టముక్కలు వారం వారం పిల్లలొచ్చి ఎత్తుకుపోతారు, మొక్కల మొదళ్లలో పరుస్తారు. దుకాణం పేరు ఎక్కడా ఉండదు. నేను చెత్త ఇచ్చి చెత్త పోగొట్టుకున్నాను. రాత్రి లెక్కేసుకుంటే లాభమో నష్టమో తేలలేదు. అలా తేలని బేరం నా బతుకులో అదే మొదటిది.

ఇక బడిలో ఏం జరుగుతోందో నాకు మా బిడ్డ చెప్పేది. అప్పుడు ఎనిమిదో తరగతి. పేరుకు దుకాణదారు కూతురు గానీ, ప్రైవేటు బడి ఫీజు దగ్గర నా బేరం తెగక సర్కారు బడిలో వేశాను.

మధ్యాహ్నం తిన్నాక పిల్లలు పళ్లేలు కడిగే నీళ్లు ఇదివరకు గోడ కిందినుంచి రోడ్డు మీదికి పారేవి. బడి ముందు ఏడాది పొడుగునా బురద. మేడం నల్లాల కింద సగానికి కోసిన డ్రమ్ము పెట్టించింది. మొదటి కడుగుడు సబ్బు లేకుండా ఆ డ్రమ్ములోకి. దాని మీద జల్లెడ, మెతుకులు జల్లెడలో ఆగి ఎరువు గుంతలోకి పోతాయి. నీళ్లు బకెట్లతో వంటగది వెనక మళ్లలోకి వెళ్తాయి. పాలకూర, గోంగూర, టమాట, గోడవారన మునగ. ఆ కూరే మళ్లీ పిల్లల పప్పులో పడుతుంది.

వినడానికి బాగానే ఉంది. వినడానికి బాగున్న ప్రతిదాన్నీ రెండుసార్లు తిప్పి చూడటం నా అలవాటు. ఆమె అలవాటు కూడా అదే. పిల్లలు "పోసినం మేడం" అంటే నమ్మేది కాదు. మడి దగ్గర వంగి చూపుడువేలు మట్టిలోకి రెండో కణుపు దాకా దించేది. తీసి ఎండలో పెట్టి చూసేది. గోటి వరకే తడి ఉంటే ఆ వేలు పిల్లల ముందు పెట్టి ఒకే మాట అనేది.

"పైన తడి అందరికి కనపడ్తది. కింద వేరుకేం కనపడ్తది?"

తర్వాత పిల్లలందరి చేతా వేళ్లు పెట్టించడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఇబ్రహీంపట్నంలో ఆ బడి పిల్లలను యూనిఫాం లేకపోయినా గుర్తుపట్టొచ్చు. కుడిచేతి చూపుడువేలి గోట్లో మట్టి ఉండేది, మిగతా గోళ్లు శుభ్రంగా ఉండేవి. మా బిడ్డ ఒకరోజు పొద్దున్నే మా ఇంటి తులసికోటలో వేలు పెట్టింది. నా భార్య చెంబుతో నీళ్లు పోసి దండం పెట్టుకుంటోంది.

"అమ్మా, నీది గూడ పైన తడే!"

నా భార్య వారం రోజులు ఆ మేడంతో మాట్లాడాలని తిరిగింది. ఏం మాట్లాడాలో తేలక ఆగిపోయింది. చెంబు మాత్రం పెద్దదైంది.

పెద్ద ఆఫీసరొకరు వచ్చి కూరమడిని మెచ్చుకున్నాడని ఊళ్లో చెప్పుకున్నారు. నేను ఆమెను బస్టాండులో పలకరించి, "మస్తు పేరొచ్చింది మేడం," అన్నాను.

"ఆయన కారు దిగలేదు సేటూ. ఫోటోల చూసి మెచ్చుకున్నడు. ఫోటో దించినోడు ఆ ఒక్క మూలనే దించిండు. ఆ మూలన ఎందుకు దించిండో తెల్సుకోవాలె," అంది. నాకు ఆమె నచ్చడం మొదలైంది బహుశా ఆ రోజే. మంచితనం చూసి కాదు. మాది ఒకే జాతి అనుమానం అనిపించింది.

గొడవ పటేలు దగ్గర మొదలైంది. పటేలంటే మా పాత గిరాకీ. పొలాలు, ప్లాట్లు ఉన్న ఇల్లు. వాళ్లింట్లో పెళ్లి అంటే మా దుకాణంలో సగం గిన్నెలు కదులుతాయి. ఆయన మనుమడు రెండు ప్రైవేటు బళ్లలో నిలవక మా బిడ్డ బడిలోనే ఆరో తరగతిలో చేరాడు. ఒకరోజు పటేలు బడి ముందు నుంచి పోతూ, మనుమడు బకెట్ మోసుకుని ఉరకడం చూశాడు. సాయంత్రం నా దుకాణం ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. చుట్టూ మరో నలుగురు చేరారు.

"మా వోడు ఇంట్ల తాగిన గిలాస గూడ ఎత్తడు సేటూ. వానితోని అందరి ఎంగిలి మోపిస్తున్నదా ఆమె?"

'అందరి' అన్న మాటను ఆయన కొంచెం లాగి అన్నాడు. అక్కడున్న వాళ్లందరికీ అది అర్థమైంది. ఎవరూ విప్పి చెప్పలేదు.

ఇక అనుమానాలు గంపగుత్తగా దిగాయి. పాలకూర పెద్ద అంబర్‌పేట్ సంతలో అమ్ముకుంటోందని ఒకరు. బయటి దేశం పైసలొస్తున్నాయని ఒకరు. బడి వెనక జాగా మీద ఎవరికో కన్నుందని, మొక్కలు ముందు పెట్టి తర్వాత హద్దు కడీలు పాతుతారని ఇంకొకరు. మా దగ్గర భూముల ధరలు పెరిగినప్పటినుంచి, ఎవరు ఎక్కడ ఏ మొక్క నాటినా ముందు దాని వెనకున్న సర్వే నంబరు అడుగుతున్నాం.

నేనూ ఓ చెయ్యి వేశాను. "ఆమె ఒక్క ఫోటో గూడ దిగలేదు పటేలా. ఇంత పని చేసి ఫోటో దిగనోళ్లుంటరా? నాకు గదే సమజైతలేదు."

"చూసినవా?" అన్నాడు పటేలు, ఏదో దొరికినట్టు.

పైకి కంప్లైంటు పంపుదామన్నారు. పంపితే మేడంకు బదిలీయో, మెమోయో, ఏదో ఒకటి ఖాయం. కూరమళ్ల సంగతి అంతటితో సరి. కానీ ముందు ఒకసారి మాట్లాడి చూద్దామని పటేలే అన్నాడు. మాట్లాడేవాడిగా అందరి చూపూ నా మీద పడింది. "నువ్వయితే సగం రేటుకు దించుకొస్తవ్ సేటూ," అన్నారు. నేను పొంగిపోయాను. బేరానికి పంపితే చావింటికైనా పోయే రకం నేను.

మర్నాడు మధ్యాహ్నం వంటగది వెనక ఆమెను కలిశాను. టమాట మడి దగ్గర గొంతుకూర్చుని ఉంది. వేలు మట్టిలో ఉంది.

"మేడం, అందరికీ పనికొచ్చే మాటొకటి తెచ్చిన. ఎవరి పళ్లెం నీళ్లు ఆళ్లు, ఎవరి మగ్గుల ఆళ్లు. ఎవరి మొక్కకు ఆళ్లే పోసుకుంటరు. మీ తోట మీకుంటది, ఆళ్ల మాట ఆళ్లకుంటది. మగ్గులు నేనిస్త. పేరు గూడ రాపియ్య."

పేరు రాయించనన్నానంటే నేను ఎంత దిగానో అర్థం చేసుకోవాలి.

ఆమె వేలు తీసి చూసుకుంది. "మొదటి వారం గట్లనే పెట్టిన సేటూ. ఏమైంది ఎరికేనా? పళ్లెం కడిగితే మగ్గు నిండదు. నిండకుంటే దోస్తుల ముంగట ఇజ్జత్ పోతది. అందుకని నల్లా ఇప్పి నింపుకున్నరు. నీళ్లు మిగిలిచ్చుడు నేర్పబోతే పారబోసుడు నేర్చిన్రు. ఒక్క డ్రమ్ముల పోస్తేనే ఎవనిది ఎంతో తెల్వదు. తెల్వకుంటేనే ఎవ్వడు నల్లా ఇప్పడు."

"మరి పగిలిన బకెట్లెందుకు? మంచియి ఇస్త గద."

"మంచి బకెట్ ఎవలన్న ఎత్తుకపోతరు. పగిలినదాన్ని ఎవ్వరు ముట్టరు," అంది. "ఇంకోటి. మంచి బకెట్ ఇస్తే దారి నడుమల దించి ముచ్చట్లు పెడ్తరు. కారే బకెట్ అయితే ఉరుకుతరు. ఇద్దరు పట్టుకుంటే ఇంకా జల్ది ఉరుకుతరు."

అప్పుడు చూశాను. డ్రమ్ము నుంచి మళ్ల దాకా దారి పొడుగునా, కారిన నీళ్ల గీత వెంట, బంతిమొక్కలు వరసగా పూసి ఉన్నాయి.

బేరంలో ఎదుటివాడి సరుకు మెచ్చుకోకూడదు. నేను మొహం తిప్పుకుని అసలు సంగతికి వచ్చాను. "ఆళ్లు ఎంగిలి అంటున్నరు మేడం. కంప్లైంటు పంపుతమంటున్నరు."

అద్దాలు నుదుటి మీదికి వెళ్లాయి. "ఏ పిల్లల ఎంగిలి అని అడిగిన్రా మీరు?"

"అందరిది అన్నరు."

"అందరిది అంటే ఆళ్ల మనుమనిది గూడ అండ్లనే ఉన్నది. దానికి బాధ లేదు గద. మరి ఎవరిదానికి బాధ? పేర్లు చెప్పమనుండ్రి. మధ్యాహ్నం అందరు లైనుల ఉంటరు. వచ్చి, పిల్లల ముంగట నిలబడి, ఈ పిల్లగాని నీళ్లు మా పిల్లగాడు మొయ్యొద్దు అని నోటితోని చెప్పమనుండ్రి. చెప్పిన గడియల వేరే బకెట్ పెడ్త. కొత్తది పెడ్త. మీ దుకాణంలనే కొంట."

ఇన్నేళ్లలో చాలా రేట్లు విన్నాను. ఎదుటివాడు ఇవ్వగలిగిందే అయినా ఇవ్వలేని రేటు మొదటిసారి విన్నాను. తగ్గించమని అడగటానికి కూడా అందులో పట్టు దొరకలేదు.

పటేలుకు చెప్పాను. "గట్ల మొకం మీద ఎట్ల చెప్తర్రా," అన్నాడు. కానీ నలుగురి ముందు వెనక్కి తగ్గడం ఆయనకు చేతకాదు. "పోదాం పా," అని లేచాడు. మరుసటి రోజు ఇద్దరం వెళ్లాం.

లైను డ్రమ్ము దగ్గర నుంచి వరండా చివరి దాకా ఉంది. మేడం పటేలుకు నమస్తే పెట్టి పక్కకు జరిగింది. "ఇగో పటేలా, పిల్లలు. చెప్పుండ్రి," అంది మామూలుగా, కూరగాయలు ఏరుకోమన్నట్టు.

పటేలు మీసం సర్దుకున్నాడు. లైను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. పిల్లలు ఆయనను చూస్తున్నారు, ఈ ముసలాయనకు ఇక్కడేం పని అన్నట్టు. అంతలో వెనక నుంచి అరుపు వినపడింది.

"తాతా, జరుగు జరుగు! కారిపోతున్నయ్!"

మనుమడు. బకెట్ పిడి ఒకవైపు వాడు, ఇంకోవైపు ఇంకొక పిల్లవాడు. ఆ రెండోవాడు ఎవరి కొడుకో పటేలుకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరూ మా మధ్య నుంచే దూసుకుపోయారు. పటేలు ధోతి అంచు తడిసింది. ఆయన దాన్ని చూసుకున్నాడు, దులపలేదు. దులిపితే అందరూ చూస్తారని ఆగాడో, మరిచిపోయాడో నేను చెప్పలేను.

"మంచిగనే పోస్తున్నరు," అన్నాడు ఎవరితోనో. గేటు వైపు నడిచాడు.

నేను గెలిచాననుకున్నాను. ఎవరి తరఫున అన్నది మాత్రం తెలియలేదు.

ఆ ఎండాకాలం ఆమెకు బదిలీ వచ్చింది. ఆ ఏడు చాలామందికి వచ్చింది, అందరిలో ఆమె ఒకతె. మామూలు బదిలీయే అన్నారు. అట్లా అన్నవాళ్లు మరీ గట్టిగా అన్నారు. నోటితో చెప్పలేని మాట ఎవరైనా కాగితం మీద చెప్పి పంపారా అని నాకిప్పటికీ అనుమానమే. పటేలును అడగలేదు. గిరాకీని అలాంటివి అడగటం మా వంశంలో లేదు.

వెళ్లేముందు ఒకసారి దుకాణానికి వచ్చింది. ఏమీ కొనలేదు. ఏ బకెట్ మీదా వేలితో కొట్టలేదు. గల్లా ముందు నిలబడి అద్దాలు పైకెత్తింది.

"సేటూ, ఆ కాగితం మీద మీరు గూడ సంతకం పెట్టిన్రా?"

"ఏ కాగితం మేడం?"

"ఏ కాగితమో తెల్వనోళ్లు గంత జల్దిగ అడగరు."

"నేను పెట్టలే మేడం. నా బిడ్డ మీద ఒట్టు."

నేను నిజంగానే పెట్టలేదు. నా దుకాణంలో రోజూ ఎన్ని ఒట్లు పెడతానో నాకే తెలియదు, 'కొన్న రేటుకే ఇస్తున్న' అన్న ప్రతిసారీ ఒకటి. వాటన్నిట్లో ఇదొక్కటే సిసలైన సరుకు. దాన్ని ఆమె ముందు పెట్టి నిలబడ్డాను.

ఆమె నన్ను మట్టిని చూసినట్టు చూసింది.

"ఒట్లు గూడ పైన తడే సేటూ," అంది. సంచి సర్దుకుంది. నాదర్‌గుల్ బస్సు వచ్చింది, ఎక్కేసింది. దేన్నీ తడిమి చూడకుండా వదలని మనిషి నన్ను మాత్రం తడిమి చూడకుండానే పోయింది. లేదా అదే తడమడమా, నాకు తెలియదు.

ఇదంతా ఆ నలుగురు కుర్రాళ్ల వల్ల గుర్తొచ్చింది. వాళ్లు మొక్కలు నాటారు, ఫ్లెక్సీ కట్టారు. ఒక మధ్యాహ్నం దుకాణం మా బిడ్డకు అప్పజెప్పి బడి వైపు నడిచాను. ఇప్పుడది డిగ్రీ చదువుతోంది, నాకన్నా గట్టిగా బేరమాడుతుంది. ఎక్కడికని అడిగితే, ఊరికే అన్నాను. అది నమ్మలేదు.

బడి ముందు, ఫ్లెక్సీ కింద, కొత్త మొక్కలు సగం ఎండిపోయి ఉన్నాయి. అది నేను ముందే లెక్కేసుకున్నదే. వంటగది వెనక్కి వెళ్లాను. అక్కడా చెత్తకుప్ప ఉంటుందనుకున్నాను. పాలకూర ఉంది. డ్రమ్ము కొత్తది, జల్లెడ కొత్తది. బకెట్లు మాత్రం ఎక్కడో పగిలినవే. ఎవరిస్తున్నారో తెలియదు, నేనైతే కాదు. దారి వెంట బంతిమొక్కలు ఉన్నాయి.

అటూ ఇటూ చూసి, వంగి, మడిలో వేలు పెట్టాను.

"ఓ తాతా! ఏం జేస్తున్నవ్ ఆడ?"

ఆరో తరగతి ఉంటుందేమో, రెండు జడల పిల్ల, నడుం మీద చెయ్యి. తాత అనిపించుకోవడం నాకదే మొదటిసారి. దాని మీద తగవు పడే సమయం కాదు.

"ఏం లేదమ్మా. తడి ఉన్నదా లేదా అని చూస్తున్న."

"పాలకూర తెంపనీకి వచ్చినవా?"

"కాదమ్మా, ఒట్టు."

"ఒట్టెందుకు? వేలు లోపలికి పెట్టు. గట్ల పైన పెడ్తే ఏం తెలుస్తది?"

పెట్టాను. రెండో కణుపు దాకా దిగింది. లోపల చల్లగా, మెత్తగా ఉంది.

"ఇట్ల పెట్టి చూసుడు ఎవరు నేర్పిన్రు నీకు?"

ఆ పిల్ల నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూసింది. "ఎవరు నేర్పుడేంది? గట్లనే చూస్తరు గద." చెయ్యి చాపింది. "ఏదీ, చూపియ్."

వేలు తీసి చూపించాను. పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది, గోరు చూసింది. రెండో చేతిలో పాలకూర ఏమైనా దాచానేమోనని అది కూడా తెరిపించింది.

"సరే. పో," అంది.

గేటు దాటి వెనక్కి చూశాను. ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి మడిలో మొక్కలు లెక్కపెట్టుకుంటోంది.